ఇరవయ్యారు నిమిషాల బజర్

కోడ్ల మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల క్వారీల్లో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఒకసారి బ్యాంకులో గుమాస్తా ఆ పేరుతో నాలుగుసార్లు పిలిచినా, ఎవరినో అనుకుని ఈయన బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడట. ఈ ముక్క ఆయన భార్య చెప్పి చెప్పి నవ్వేది.

పెద్ద బండ్లు బాగుచేయడం ఆయన పని. కొండని తవ్వే ఎక్స్‌కవేటర్లు, రాళ్ళు మోసే డంపర్లు, నేల చదును చేసే గ్రేడర్లు. పాత రోజుల్లో వీటికి ఏదైనా వస్తే మెకానిక్ ఇంజను మీద చెవి ఆనించి, నూనె రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి రోగం చెప్పేవాడు. తర్వాత ఇంజనుకి కంప్యూటర్ వచ్చింది, ఒంటినిండా సెన్సర్లు వచ్చాయి. నూనె ఒత్తిడి చూసేదొకటి, నీళ్ళ వేడి చూసేదొకటి, గాలి చూసేదొకటి. ఎక్కడ తేడా చేసినా కంప్యూటర్ ఒక అంకె రాసి దాచుకుంటుంది. లాప్‌టాప్ తగిలిస్తే ఆ అంకె తెర మీదికి వస్తుంది. దాన్నే కోడ్ అంటారు. లాప్‌టాప్ పేరెత్తితే తోటి మెకానిక్కులు ఆమడ దూరం పారిపోయే రోజుల్లో, పదో తరగతి ఎలాగో గట్టెక్కిన ఈ మనిషి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి ఎక్కడ ఏ బండి మొరాయించినా జీపు పంపి మరీ ఆయన్ని తీసుకెళ్ళేవాళ్ళు.

ఆయన చెప్పే పాఠం ఒకటే. "కోడ్ అంటే రోగం పేరు కాదు నాయనా, రోగం ఉన్న వీధి పేరు. ఇల్లు మనమే వెతుక్కోవాలి." ఒక డంపర్‌కి నీళ్ళ వేడి సెన్సర్ పాడైందని కోడ్ వస్తుంటే, మూడు వారాల్లో మూడు సెన్సర్లు మార్చారు. కోడ్ మాత్రం పట్టిన పట్టు వదలలేదు. మేస్త్రీ వెళ్ళి, సెన్సర్ జోలికే పోకుండా, దాని వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. ఇంజను పక్కన ఒక ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని ఆ వైరు తోలు ఊడిపోయింది. బండి కదిలినప్పుడల్లా లోపలి రాగి వెళ్ళి ఇనుముకి తగులుతోంది. బెత్తెడు టేపు చుట్టి చేతులు దులుపుకున్నాడు. మూడు సెన్సర్లు మార్చినవాళ్ళ మొహాలు ఆరోజు చూడాల్సిందే.

ఇంత తెలిసినవాడు. ఊళ్ళోవాళ్ళ బండ్లకి ప్రతి వైరూ చివరిదాకా వెతికినవాడు. కావలసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి వీధి మొదట్లోనే నిలబడి, ఇల్లు ఇదేనని తీర్పు చెప్పేశాడు. ఆ కథే ఇది.

కావలసిన మనిషి అంటే ఎక్స్‌కవేటర్ నడిపే ఆపరేటర్. మేస్త్రీ భార్యకి సొంత అన్న. ఆ పెళ్ళి కుదిర్చింది కూడా ఆయనే. అప్పటికి మేస్త్రీ ఇంకా కుర్రాడు. పాడైన లోడర్ కింద పొద్దున దూరినవాడు ఎండలో, మసిలో సాయంత్రం దాకా బయటికి రాలేదు. పైన సీట్లో కూర్చుని అదంతా చూసిన ఆపరేటర్ ఇంటికెళ్ళి, "పని మధ్యలో వదిలి లేచేరకం కాదమ్మా, మన పిల్లని సుఖపెడతాడు" అని తల్లితో చెప్పాడు. నెల తిరక్కుండా ముహూర్తం పెట్టించాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటూ, ఒకే క్వారీలో, ఒకే టీ బల్ల దగ్గర బతికారు.

ఆపరేటర్‌వి పాము చెవులు. ఇంజను హోరులో కూర్చుని, "బావా, ఎడమ ట్రాకు గొలుసులో గోలీకాయంత రాయి పడింది, చూడు" అనేవాడు. చూస్తే ఉండేది. "మీ కంప్యూటర్ రేపు చెప్పేది నేను ఇవాళే చెప్తాను" అని మీసం దువ్వేవాడు. "నువ్వు చెప్తే మేనేజరు స్పేరు పార్టు తెప్పించడు బావా, కంప్యూటర్ చెప్తేనే తెప్పిస్తాడు" అని మేస్త్రీ ఏడిపించేవాడు. ఇద్దరి హాస్యాలకీ షెడ్డంతా నవ్వేది.

ఇక బజర్ సంగతి. ప్రమాదమైన కోడ్ వస్తే ఆపరేటర్ మోకాలి పక్కన, ప్యానెల్ లోపల బజర్ మోగుతుంది. పైన ఎర్ర దీపం వెలుగుతుంది. ఒక్కోసారి బండి బాగానే ఉండి సెన్సరే చెడిపోతుంది. అప్పుడు కారణం లేకుండా బజర్ మొదలవుతుంది, ఎంతకీ ఆగదు. కొత్త సెన్సర్ రావడానికి వారాలు పడుతుంది. ఎనిమిది గంటలు ఆ గోల పక్కన కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. అందుకని ప్రతి షెడ్డులోనూ ఒక అలవాటుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎవరూ ఎక్కడా రాయరు. ప్యానెల్ నాలుగు స్క్రూలు విప్పి, బజర్ కనెక్టర్ పీకి, దుమ్ము పోకుండా టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. సెన్సర్ వచ్చాక మళ్ళీ తగిలిస్తారు. మేస్త్రీ టేపు చుట్టేటప్పుడు చివర కొంచెం మడిచి తోకలా వదిలేవాడు, తర్వాత విప్పుకోవడానికి గోరు అరగకుండా.

ఆ ఏడు ఆపరేటర్ జ్వరంతో పదిహేను రోజులు మంచాన పడ్డాడు. ఆయన బండికి వేరే ఆపరేటర్ వచ్చాడు. రెండోరోజే హైడ్రాలిక్ నూనె వేడి సెన్సర్ చెడి బజర్ అందుకుంది. మేస్త్రీ ఎప్పట్లాగే కనెక్టర్ పీకి టేపు చుట్టాడు. కొత్త సెన్సర్ వచ్చిన రోజున ఆయన వేరే క్వారీలో ఉన్నాడు. ఎవరో మెకానిక్ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపేసి వెళ్ళిపోయాడు. ఎర్ర దీపం ఆరింది, బజర్ ఎలాగూ మోగట్లేదు, అంతా బాగుందనుకున్నారు. తాళం తిప్పగానే బజర్ ఒకసారి కూసి చూపించే ఏర్పాటు కొత్త బండ్లకి ఉంది గానీ, అది పాత బండి. చేతి కింద నలభై బండ్లున్న మేస్త్రీ ఆ కనెక్టర్ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. ఆపరేటర్ జ్వరం తగ్గి వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఆయనకి ఎవరు చెప్పాలి?

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ఎగిరిన రాయి తగిలి ఇంజను కింద నూనె గొట్టం చిట్లింది. నూనె చుక్కచుక్కగా కారిపోయింది. పక్కనే బండలు పగలగొట్టే బ్రేకర్ హోరెత్తిస్తోంది. ఎండ సూటిగా ప్యానెల్ మీద పడి, వెలిగిన దీపమేదో వెలగనిదేదో తెలియట్లేదు. ఇంజను ఒక్కసారి పెద్ద మోతతో బిగుసుకుపోయింది. ఇక ఆ ఇంజను ఇనుప సామాన్లవాడికే పనికొస్తుంది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. రేకుల గది, లోపల కుండలో ఉడికినట్టు ఉంది. మేస్త్రీ లాప్‌టాప్ తగిలించి చదివాడు. నూనె ఒత్తిడి తక్కువ, ఇరవయ్యారు నిమిషాలు.

"అంటే ఇరవయ్యారు నిమిషాలు బజర్ మోగిందన్నమాట," అన్నాడు మేనేజరు.

"దీపం నేను చూసుకోలేదేమో సార్, ఒప్పుకుంటాను. ఎండ పడుతోంది," అన్నాడు ఆపరేటర్. "బజర్ మాత్రం మోగలేదు. నా మోకాలి పక్కనే ఉంటుందది. మోగితే నాకు వినపడదా?"

అందరూ మేస్త్రీ వైపు చూశారు. కంప్యూటర్ రాసుకున్నది ఒకటే: బజర్‌ని మోగమని ఆజ్ఞ పంపాను అని. అది మోగిందో లేదో దానికి తెలియదు. ఆ మాట మేస్త్రీకి అందరికంటే బాగా తెలుసు. నాలుగు స్క్రూలు విప్పితే తేలిపోయేది. విప్పలేదు. ఎందుకంటే, విప్పడానికి లేస్తే బావని వెనకేసుకొస్తున్నాడంటారేమోనని. నలుగురిలో తన మాట పోతుందేమోనని. వేరే ఎవరైనా అయి ఉంటే ఖచ్చితంగా లేచేవాడు. సొంతమనిషి కాబట్టే లేవలేదు. న్యాయంగా ఉన్నానని అనిపించుకోవాలన్న యావలో అన్యాయం చేశాడు.

"మోగింది సార్. కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అన్నాడు.

ఆపరేటర్ ఆయన వంక తిరిగాడు. "నువ్వు చెప్తున్నావా బావా, కంప్యూటర్ చెప్తోందా?"

"రెండూ ఒకటే బావా."

ఆపరేటర్ చేతిలో టోపీ కాసేపు తిప్పాడు. "అయితే నాకే వినపడలేదేమో," అన్నాడు మెల్లగా.

కంపెనీ ఆయన్ని తీసేయలేదు, హెచ్చరిక చీటీ ఒకటి ఇచ్చి ఊరుకుంది. ఆయనే మళ్ళీ సీటెక్కలేదు. "కింద మనుషులు తిరుగుతుంటారు. చెవులు పోయినవాడి చేతిలో బకెట్ ఉంటే ఎవరి మీద పడుతుందో!" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనిని ఆ మాటతో వదిలేశాడు. తర్వాత ఊళ్ళో పార్కులో మొక్కలకి నీళ్ళు పెట్టే పనికి కుదురుకున్నాడు. ఎందుకయ్యా ఈ పని అంటే, "మొక్కలు పిలవవు కదా" అని నవ్వేవాడు.

మూడు నెలలకి ఆ బండికి కొత్త ఇంజను వేశారు. కొత్తగా వచ్చిన ఆపరేటర్, బజర్ పని చేస్తుందో లేదో ఒకసారి చూడమన్నాడు. మేస్త్రీ నాలుగు స్క్రూలు విప్పాడు. లోపల, వైర్ల వెనక, టేపు చుట్టిన కనెక్టర్ వేలాడుతోంది. టేపు చివర మడిచి ఉంది.

మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. జ్వరం, వేరే ఆపరేటర్, బజర్ గోల. మేస్త్రీ అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు. చుట్టూ చూశాడు. ఎవరూ చూడట్లేదు. టేపు విప్పి జేబులో వేసుకున్నాడు. కనెక్టర్ తగిలించి, లాప్‌టాప్‌తో బజర్‌కి ఆజ్ఞ పంపి చూశాడు. బజర్ కూసింది. "బాగానే ఉంది," అని కిందికి చెప్పాడు.

ఆ రోజే చెప్పి ఉంటే! సాయంత్రం నేరుగా బావ ఇంటికే బయల్దేరాడు కూడా. గుమ్మం దాకా వెళ్ళాడు. "రా బావా, ఏంటి ఈ వేళప్పుడు?" అన్నాడు ఆపరేటర్. "ఊరికే," అన్నాడు మేస్త్రీ. టీ తాగి వచ్చేశాడు.

మొదట్లో ఉద్యోగం పోతుందని భయం. పిల్లలు చదువుల్లో ఉన్నారు. రెండేళ్ళకి ఆ కంపెనీయే మూతపడింది, మేస్త్రీ వేరేచోట చేరాడు, ఆ భయం తీరిపోయింది. అప్పటికి వేరే భయం పట్టుకుంది. మూడు నెలలు దాచిన మాటకి సంజాయిషీ చెప్పుకోవచ్చు. రెండేళ్ళు దాచిన మాటకి ఏం చెప్తాడు? మూడేళ్ళకి? నాలుగేళ్ళకి? ఏడాది గడిచేకొద్దీ ఆ మాట ఇంకాస్త బరువెక్కి, గొంతులోనే ఉండిపోయింది.

ఈలోగా ఇంటిల్లిపాదీ ఆపరేటర్‌తో కేకలేసి మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. మేస్త్రీ భార్య అన్నయ్యకి ఫోన్ చేస్తే పక్కింటివాళ్ళకి కూడా కుశలం తెలిసేది. పిల్లలు చాటుగా చెవిటి మామయ్య అనేవాళ్ళు. నిజానికి ఆయనకి అన్నీ వినపడుతూనే ఉండేవి. కానీ వినపడినవి తెలుస్తాయి గానీ వినపడనివి ఎలా తెలుస్తాయి? మోకాలి పక్కన ఇరవయ్యారు నిమిషాలు మోగింది వినపడనివాడికి ఇంకెన్ని వినపడట్లేదో అని ఆయన బెంగ. అందరూ అరిచి మాట్లాడుతుంటే పరీక్షించుకునే దారి కూడా లేకపోయింది. సైకిల్ తొక్కడం మానేశాడు. రోడ్డు దాటాలంటే అటూ ఇటూ పదిసార్లు చూసేవాడు. చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఆయనతో అందరికంటే గట్టిగా అరిచి మాట్లాడింది మేస్త్రీయే.

ఆరేళ్ళు ఇలా గడిచాయి. ఆపరేటర్ మనవరాలికి అయిదేళ్ళొచ్చి, రెండు వీధుల అవతల బడిలో చేరింది. కూతురు పొద్దున్నే పనికి వెళ్ళాలి. "నాన్నా, పిల్లని బడి దగ్గర దింపి వస్తావా?" అని అడిగింది. "వద్దు తల్లీ. వెనకనుంచి లారీ వస్తే నాకు వినపడదు, పిల్ల చెయ్యి నా చేతిలో ఉంటుంది," అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ రాత్రంతా ఆలోచించుకుని, చెవికి పెట్టుకునే మిషను కొనుక్కుందామని తీర్మానించుకున్నాడు. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేశాడు. "మిషన్ల సంగతి నీకు తెలుసు బావా. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

మేస్త్రీ కాదనలేకపోయాడు.

కొట్టు మెయిన్ రోడ్డు మీద, మందుల దుకాణం మేడమీద ఉంది. చెవులు పరీక్షించే అమ్మాయి ఆపరేటర్‌ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమంది. మేస్త్రీ బయట స్టూలు మీద కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాడు. అమ్మాయి మీట తగ్గించింది, వేలు లేచింది. ఇంకా తగ్గించింది, లేచింది. ఇంకా. వేలు లేస్తూనే ఉంది. లేచిన ప్రతిసారీ మేస్త్రీ తల ఇంకొంచెం వాలింది.

అమ్మాయి తలుపు తీసి నవ్వింది. "బాబాయిగారూ, మీ చెవులు శుభ్రంగా ఉన్నాయి. మరీ కీచుమనేవి కొద్దిగా తగ్గాయంతే, ఈ వయసులో అందరికీ ఉండేదే. మీకు మిషనెందుకు?"

"లేదమ్మా, ఇంకోసారి చూడు," అన్నాడు ఆపరేటర్ కంగారుగా. "మీ మిషనులో ఏదో తేడా ఉంది. నాకు వినపడదు. ఆరేళ్ళ కిందట మోకాలి పక్కన బజర్ ఇరవయ్యారు నిమిషాలు మోగితే వినపడలేదు. కంప్యూటర్లో రాసుంది. కావాలంటే మా బావనడుగు, ఆయనే చదివాడు."

అమ్మాయి మేస్త్రీ వైపు తిరిగింది. ఆపరేటర్ కూడా తిరిగాడు, సాక్ష్యం చెప్పమన్నట్టు, ఎంతో నమ్మకంగా.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళలో మొదటిసారి బావతో మామూలు గొంతుతో మాట్లాడాడు.

"బజర్ మోగలేదు బావా. నేనే పీకి టేపు చుట్టాను, నీకు జ్వరం వచ్చినప్పుడు. మళ్ళీ తగిలించడం మర్చిపోయాను. ఇంజను మార్చాక చూశాను. చూసి కూడా నీకు చెప్పలేదు."

అమ్మాయికి ఏమీ అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆపరేటర్ హెడ్‌ఫోన్లు తీసి, వైరు చిక్కుపడకుండా చుట్టి, బల్ల మీద పెట్టాడు. "థాంక్సమ్మా," అని చెప్పి మెట్లు దిగాడు. మేస్త్రీ వెనకే దిగాడు.

కింద రోడ్డు మీద ఎండ, ఆటోలు, హారన్లు. ఆపరేటర్ మందుల దుకాణం ముందు ఆగాడు.

"ఎప్పుడు చూశావు?"

"మూడు నెలలకి."

"మూడు నెలలకి," అన్నాడాయన. తిట్టినా బాగుండేది. "నేను ఆరోజు చెప్పాను కదా బావా, మోగలేదని."

"చెప్పావు."

"నువ్వు మోగిందన్నాక నా చెవుల్నే నమ్మడం మానేశాను. కంప్యూటర్ని చూసి మానేశాననుకున్నావా? దానికీ నాకూ ఏం సంబంధం? నువ్వు చెప్పావని నమ్మాను."

మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. "కంపెనీలో రాసింది మార్పిద్దామంటే, కంపెనీయే లేదు..." అని ఏదో మొదలుపెట్టాడు.

"కంపెనీ గోల ఎవడికి కావాలి?" అన్నాడు ఆపరేటర్. "పిల్ల పుట్టినప్పుడు మా అమ్మాయి ఒక గంట చూసుకోమంటే, ఏడుస్తుంది నాకు వినపడదు అని ఎత్తుకోలేదు. ఏనాడూ ఒంటరిగా నా దగ్గర పడుకోబెట్టుకోలేదు. అయిదేళ్ళు. అది ఎవరు మారుస్తారు?"

అని, ఇంక ఆగలేదు. రోడ్డు వైపు తిరిగాడు. ఇదివరకట్లా పదిసార్లు చూడలేదు. ఎడమవైపు నుంచి వస్తున్న ఆటోని చూడకుండానే, ఆ చప్పుడుకే ఆగి, అది వెళ్ళనిచ్చి రోడ్డు దాటాడు.

"బావా!" అని పిలిచాడు మేస్త్రీ, మామూలు గొంతుతో.

అవతలి గట్టు మీద ఆపరేటర్ అడుగు ఒక్క క్షణం ఆగింది. తిరిగి చూడలేదు. మళ్ళీ నడిచాడు. మేస్త్రీ రెండోసారి పిలవలేదు. ఆయనకి వినపడిందని తెలుసు.